నీలం లేని పెట్టె

పెట్టెలో నాలుగే ట్యూబులు.
పచ్చమట్టి, ఇంగిలీకం, నలుపు, తెలుపు.
నీలం లేదు.
మొదటి ఏడాది కొనలేక,
తర్వాత కొనబుద్ధి కాక.

ఏసుపాదం మేస్త్రి
గాంధీనగరం హాళ్ళ ముందు నలభై అడుగుల హీరోలకు
మొహాలు వేసినవాడు.
వెదురు పరంజా మీద కూర్చుని
ఆరిన బీడీతో గాలిలో గీతలు గీస్తూ చెప్పాడు:
"ఒరే, నల్లటోణ్ణి గులాబీ చెయ్యాలంటేనే
డజను డబ్బాలు కావాల.
మనిషిని మనిషిలాగా వెయ్యడానికి
నాలుగు ఎక్కువే."
ఫ్లెక్సీలొచ్చి పరంజాలు దిగాక
కాలువగట్టు గోడల మీద ట్యూషన్ సెంటర్ల ఫోన్ నంబర్లు రాశాడు,
ఒక్క రంగుతో.

ఇవాళ నా కుర్చీలో మస్తాన్‌బీ,
వించిపేటలో దూదేకి పరుపులు కుట్టే మనిషి.
బొమ్మకి డబ్బులివ్వదు,
నా పరుపు విప్పి, ఏకి, మళ్ళీ కుట్టిపెడుతుంది.
అదీ బేరం.
మే నెల. కిటికీ కింద నీళ్ళు కట్టేసిన ఏలూరు కాలువ,
బురదలో ఒక చెప్పు, అరటి దొప్ప,
వాటి మీంచి వచ్చిన వెలుతురే ఆమె దవడ మీద పడుతోంది.

నుదురు మొదట తప్పింది.
కత్తితో గీకేశాను.
ఇంగిలీకం ఎక్కువైతే జ్వరం వచ్చినట్టుంది,
పచ్చమట్టి ఎక్కువైతే కామెర్లు.
నలుపులో పచ్చమట్టి కలిపితే
ముదురు ఆకుపచ్చ పుడుతుంది, ఎవరూ నమ్మరు,
దాన్ని గదవ కింద పెట్టాను.
అప్పుడు మెడ వెనక్కి వెళ్ళింది,
మొహం ముందుకొచ్చి కూర్చుంది.
తలలో చిక్కుకున్న దూదిపోగులకి మాత్రం
తెలుపు, ఏమీ కలపకుండా.

"చీర ఎప్పుడేస్తావు?" అంది.
"మొన్న కంటి ఆపరేషనయ్యాక
పట్టీ విప్పగానే ముందు కనపడింది ఈ చీరే నాయనా.
పదేళ్ళుగా దీన్ని బూడిద చీర అనుకుని కడుతున్నా.
ఇంత నీలమని ఎవరూ చెప్పలా."

నా పెట్టెలోకి చూసింది.
"నీ దగ్గర నీలం లేదే!"

ఏం చెప్పను?
బీసెంట్ రోడ్డుకి వెళ్ళొస్తాననబోయాను.
చొక్కా జేబు తడిమాను కూడా.
మళ్ళీ కూర్చుని
నలుపులో తెలుపు కలిపాను, మెల్లగా,
వేడికి రంగు వెన్నలా జారుతోంది.
మట్టిరంగు భుజం పక్కన ఒక పట్టీ వేశాను.
ఇంకొకటి.
మెడ దగ్గర ఇంగిలీకం కాస్త పెంచాను.

లేచి వచ్చి జానెడు దూరంలో చూసింది.
"ఇది బూడిదే."
"గుమ్మం దాకా వెళ్ళి చూడమ్మా."

వెళ్ళింది.
కాలువవతల ఏదో గూడ్సు బండి
తీరిగ్గా పోతోంది, పెట్టె తర్వాత పెట్టె.
అదంతా అయిపోయేదాకా మాట్లాడలేదు.
ఒక కన్ను మూసింది. తెరిచింది.
రెండోది మూసింది.

"నీలమే," అంది.
అనుమానంతోనే అంది.

నేను కాదన్నా అవునన్నా అబద్ధమే.
చర్మం పక్కన ఉంది కాబట్టి అది నీలం,
విడిగా ఏరి సాసర్‌లో పెడితే పొయ్యిలో బూడిద.
మేస్త్రి ఉంటే బీడీ వెలిగించుకునేవాడు.

ఆమెకి తృప్తి లేదు.
దగ్గరికొచ్చి, వద్దంటున్నా వినకుండా,
చూపుడువేలితో చీర అంచు ముట్టుకుంది.
తడి అంటింది.
అలవాటుగా వేలు కొంగుకి తుడుచుకుంది.

ఇద్దరం వంగి చూశాం.
నిజం నీలం మీద
ఆ మరక
అచ్చం మట్టి.